బుజ్జిగాడి గిన్నె

కిందటి నెల యీ పుటలో పచ్చడి జాడీలకు బూజు పట్టకుండా కాపాడుకోవడం గూర్చి వ్రాశాను. అది చదివి గుడియాత్తంలో ఉండే పెద్దమ్మగారొకరు కార్డు వ్రాశారు. "జాడీల సంగతి సరే నాయనా. మా మనుమరాలు ఒక చిన్న కుక్కపిల్లను తెచ్చి నా మీద వదిలి కాలేజీకి వెళ్ళిపోయింది. ఒకరు పాలు పొయ్యమంటారు, ఒకరు మాంసం పెట్టమంటారు, ఒకరు అంగడిలో పొట్లం కొనమంటారు. ఏమి వండి పెట్టాలో నీకు తెలిస్తే వ్రాయి" అని.

తెలుసునని చెప్పుకోవడానికి నేను పశువైద్యుణ్ణి కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, ఇరవై రెండేళ్ళుగా ఆఫీసులో పద్దులు వ్రాసుకుంటున్న గుమాస్తాను. అయితే తప్పు చేసి నేర్చుకున్నవాడికి కొంత అధికారం ఉంటుంది గదా. ఆ అధికారంతోనే వ్రాస్తున్నాను.

మా కే.వి.కుప్పం యింటికి బుజ్జిగాణ్ణి తెచ్చింది మా నాన్నగారు. తెల్లటి బొచ్చు, నక్క మూతి, వీపు మీదికి చుట్టుకున్న తోక. ఊళ్ళో అందరూ 'పామరేనియన్' అంటారు గాని, యిది ఇండియన్ స్పిట్జ్ అనే జాతి అని తరువాత డాక్టరుగారు చెప్పారు. ఆ జాతిలో కూడా మావాడు చిన్నవాడు; తూస్తే నాలుగు కిలోలు. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. ఆయన పోయిన తరువాత అమ్మ ఒంటరిగా కూర్చుని భోజనం చేయలేకపోయేది. నేను పొద్దున బస్సెక్కి రాయవేలూరు ఆఫీసుకు పోతే తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. నా భార్య పంతులమ్మ. పిల్లలు బడికి పోతారు. ఇక మధ్యాహ్నం అమ్మకు తోడు బుజ్జిగాడే. కంచం ముందు అమ్మ, ప్రక్కన వాడు. తానొక ముద్ద తినేది, వాడికొక ముద్ద పెట్టేది. "రా నాయనా, తిను నాయనా" అని బతిమాలేది.

అరవంలో 'నాయ్' అంటే కుక్క. ప్రక్కింటి అరవ పిల్లలు యిది విని, "అవ్వ కుక్కను సరిగ్గా కుక్కా అనే పిలుస్తున్నది" అని గోడ పట్టుకుని నవ్వేవారు. అమ్మకు అరవం మనకంటే బాగా వచ్చు. "మీ భాషలో వాడు ఏమైనా కానీయండి, నా భాషలో నాయనే" అనేది.

కిందటేడు ఆషాఢంలో వాడికి నీరసం వచ్చింది. వీధిలో సైకిలు గంట వినబడితే ఎగిరి గడప దూకేవాడు, తల మాత్రం ఎత్తి చూసి మళ్ళీ పడుకునేవాడు. ఎండ దెబ్బ కాబోలు అనుకున్నాము. మూడో రోజు పెరట్లో వాడు పోసిన మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉండటం నా భార్య చూసింది. గుడ్డసంచిలో పెట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరుగారు వాడి పెదవి పైకెత్తి చూపించారు. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నవి. రక్తం తీసి పరీక్షకు పంపి, ఏమి తింటాడని అడిగారు. అమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది: "మేము తినేదే వాడూ తింటాడు. వేరు పెట్టి ఎరుగను."

"సాంబారులో చిన్న ఉల్లిపాయలు వేస్తారా?"

"వెయ్యకపోతే అది సాంబారెట్లా అవుతుంది? అవంటే వీడికి ప్రాణం. ఏరి ఏరి పెడతాను."

డాక్టరుగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదేమో. ఉల్లి, వెల్లుల్లి జాతిలో ఉండే గంధకపు పదార్థాలు మనుషులకు పథ్యమేగాని, కుక్క రక్తంలోని ఎర్రకణాలను చితుకగొడతవని చెప్పారు. పచ్చివైనా, ఉడికినవైనా, ఎండబెట్టి పొడి చేసినవైనా ఒకటే. ఉడికిస్తే దోషం పోదు. కుక్క బరువులో వంద పాళ్ళకు అర పాలు ఉల్లి ఒక్కసారి లోపలికి పోతే చాలట. మా నాలుగు కిలోలవాడికి అది 20 గ్రాములు, అంటే రెండు మూడు సాంబారు ఉల్లిపాయలు. అంతకంటే తక్కువైనా రోజూ పెడుతూ వస్తే కూడబెట్టినట్టే పనిచేస్తుంది. తిన్న వెంటనే ఏమీ కనబడదు, కొన్ని రోజుల తరువాత బయటపడుతుంది. అందుకే దేనివల్ల వచ్చిందో యింట్లోవాళ్ళకు తోచదు.

రక్తం ఎక్కించేంతవరకు రాలేదు, అదృష్టం. మందు యిచ్చి, ఉల్లి మాన్పించి, వారం వారం చూపించమన్నారు. తిరుగు బస్సులో లత్తేరి దాటేవరకు అమ్మ మాట్లాడలేదు. తరువాత "నా చేత్తోనే పెట్టానురా" అన్నది. అంతే. ఆ రాత్రి భోజనానికి లేవలేదు.

వాడికి ప్రత్యేకంగా వండాలని నేను అన్నప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. "యింట్లో వేరుకుంపటి పెట్టమంటావా?" అన్నది. మన కుటుంబాలలో ఆ మాటకు ఎంత బరువో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉన్న పప్పుచారే అందరికీ పంచడం ఆమె ఎరిగిన ప్రేమ. భోజనానికి ముందు కాకికొక ముద్ద, కుక్కకొక ముద్ద తీసిపెట్టడం ఆమె అత్తగారు నేర్పిన ఆచారం. ఇప్పుడు ఆ ముద్దలోనే విషమున్నదంటే ఆమెకు ఎట్లా మింగుడుపడుతుంది?

దానికి తోడు మా మేనమామ ఒకాయన వచ్చి వాదం పెట్టుకున్నాడు. "మన కళ్ళంలో ఉండిన కుక్క పన్నెండేళ్ళు సంగటీ పులుసూ తిని బతికింది. దానికి ఏ డాక్టరు చీటీ వ్రాశాడు?" అని. మామ మాటలో నిజమున్నది, అందుకనే జవాబు వెదకవలసి వచ్చింది. ఆ కుక్క యిరవై కిలోలది. పగలంతా చేను తిరిగి ఎలుకలను పట్టేది, కోసినచోట పేగులూ పచ్చి ఎముకలూ తినేది. మనం వేసే సంగటి దాని తిండిలో ఒక భాగం మాత్రమే. బుజ్జిగాడికి మనం వేసిందే సర్వస్వం. వాడి పొట్టో, గుప్పెడు.

ఈ చిన్న కుక్కల లెక్క నాకు డాక్టరుగారు చెప్పారు. లెక్క గనుక వెంటనే పట్టుబడ్డది. ఆఫీసు కాలిక్యులేటరుతో మీరూ చేసి చూడవచ్చు. కుక్క బరువు కిలోలలో తీసుకుని, దానిని దానితోనే మూడు మార్లుగా హెచ్చవేయాలి. 4ను 4తో, మళ్ళీ 4తో, 64. వర్గమూలం మీట రెండుసార్లు నొక్కాలి. మొదట 8, తరువాత 2.83. దానిని 70తో హెచ్చవేస్తే 198. అదే ఆ కుక్క కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే కేలరీలు. యింట్లో తిరిగే పెద్ద కుక్కకు దీనికి ఒకటిన్నర రెట్లు, కాస్త అటూయిటూ. మావాడు సోమరి గనుక 280 అని నిర్ణయించారు. ఇదే లెక్క కళ్ళం కుక్కకు వేస్తే పడుకున్నప్పటి ఖర్చే 662 వస్తుంది. కిలోకు చూస్తే చిన్నదానికే ఎక్కువ తిండి కావాలి, సుమారు 50కి 33. కాని మొత్తం చూస్తే బహు తక్కువ.

ఒక ఇడ్లీకి సుమారు 50 కేలరీలు. పిల్లలు పొద్దున్నే బల్ల క్రింద చెయ్యిపెట్టి మూడు ఇడ్లీలు జారవిడిస్తే, వాడి రోజు తిండిలో సగం అక్కడే తీరిపోయింది. అది మనిషి ఒక్క పూట యిరవై ఇడ్లీలు తిన్నదానితో సమానం. తరువాత వాడు మాంసం ముట్టలేదని, పెంకితనమని మనం అనుకుంటాము! యీ లెక్క విన్న రోజు మామ మాట్లాడకుండా కాఫీ త్రాగి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం, "అయితే వాడి ఆకలి అంతేనా పాపం" అన్నది. ఆ మాటతోనే వేరు గిన్నెకు ఒప్పుకున్నట్టయింది.

ఇక వంట. ముందు మన వంటింట్లో పనికిరానివి చెబుతాను, అవే ముఖ్యం గనుక. ఉల్లి, వెల్లుల్లి సంగతి అయింది. రెండవది ద్రాక్ష, ఎండుద్రాక్ష. పాయసంలో, కేసరిలో, చక్కెర పొంగలిలో నేతిలో వేయించి వేస్తామే, అవి కొన్ని కుక్కలకు మూత్రపిండాలను చెడగొడతవి. ఏ కుక్కకు ఎన్ని తింటే వస్తుందో ముందుగా చెప్పలేరు. కారణమేమిటో చాలాకాలం ఎవరికీ అంతుచిక్కలేదు. అమెరికాలోని జంతువుల విషవైద్య కేంద్రంవారు ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చునని 2021లో సూచించి, 2022లో ప్రకటించిన వ్యాసంలో చింతపండు తిని జబ్బుపడిన కుక్కలనుగూడా చేర్చారు. చింతపండు! ఆ పులుపు టార్టారిక్ ఆమ్లందే గదా. మన పులుసు, చారు, పులిహోర అన్నీ అందులోనే వచ్చినవి. చారన్నం తిన్న ప్రతి కుక్కా పడిపోతుందని నేననను, మన వీధులే అందుకు సాక్ష్యం. అయినా నాలుగు కిలోలవాడితో ఆ పరీక్ష చేయడానికి మాకు ధైర్యం లేదు.

మూడవది ఉడికిన ఎముక. పచ్చి ఎముక వేరు, ఉడికినది వేరు. కోడి కాలి ఎముక ఉడికితే పుల్లల్లాగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. చాక్లెట్టు, మామూలుగా పిల్లలు చేసే తప్పు. చక్కెర లేని మిఠాయిలలో, కొన్ని పళ్ళపొడులలో వేసే జైలిటాల్ అనే తీపి పదార్థం మరీ ప్రమాదం. పండుగనాటి మాంసపు కొవ్వు, వేపుడు నూనె ఎక్కువగా పెడితే క్లోమానికి వాపు వస్తుంది. పాలు చాలా పెద్ద కుక్కలకు అరగవు. పెరుగు కొంచెమైతే సర్దుకుంటుంది.

బియ్యం సంగతి కొందరు భయపెడతారు, కుక్క తోడేలు జాతి గనుక అన్నం పనికిరాదని. అది సరికాదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తోడేలును, కుక్కను పోల్చి చూసి, పిండిపదార్థం అరిగించే శక్తికి సంబంధించిన జన్యువు కుక్కలో ఎన్నోరెట్లు పెరిగిందని తేల్చారు. వేల ఏళ్ళు మనిషి గడపలో పడి ఉన్న ఫలం అది. అయితే ఒట్టి పెరుగన్నంతో బతుకమనడం వేరు.

మా యింట్లో బుజ్జిగాడి ఒక రోజు పద్దు యిది. ఉడికిన అన్నం 80 గ్రాములు. చర్మమూ ఎముకా తీసి ఒట్టి నీళ్ళలో ఉడికించిన కోడిమాంసం 70 గ్రాములు. గుమ్మడి, కారెట్టు, బీన్సు, ఏది ఉంటే అది మెత్తగా ఉడికించి 40 గ్రాములు. నూనె ఒక చిన్న చెమ్చా. మొత్తం 280కి దగ్గర. ఉప్పు, కారం, తాలింపు ఏమీ లేవు. దీన్ని కలిపి రెండు పూటలకు పంచుతాము. వారానికి రెండు రోజులు కోడికి బదులు గుడ్డు. మా ఊళ్ళో సోమవారం మేకల సంత గదా. ఆ రోజు కసాయి దగ్గర మేక కాలేయం తెచ్చి బొటనవేలంత ముక్క ఉడికించి పెడతాము. అంతకు మించి పెట్టకూడదట, ఎ విటమిను మితిమీరుతుందని. సంతనాడు అమ్మ చెప్పకుండానే వాడు గుమ్మం దగ్గర కాచుకుని ఉంటాడు.

యిందులో లోటు ఏమిటంటే సున్నం, అనగా కాల్షియం. మాంసంలో భాస్వరం మెండు, సున్నం బహు కొంచెం. ఎముక తినే కుక్కకు ఆ బాధ లేదు. ఎముక తీసేసి పెట్టే మనమే ఆ అప్పు తీర్చాలి. లేకపోతే శరీరం తన ఎముకలలోనుంచే తీసుకుంటుంది. "రాగిసంగటి పెడితే సరిపోదా, రాగుల్లో సున్నమున్నది గదా" అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. కాని వాడు తినే సంగటిలో రాగిపిండి పాతిక గ్రాములు మించదు, అందులో ఉన్నదంతా వంటబట్టదు. కనుక గుడ్డు పెంకులు కడిగి, వేడిచేసి ఆరబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేసి రోజుకు చిన్న చెమ్చాలో ఆరవ వంతు కలుపుతున్నాము. మా నాలుగు కిలోలవాడి పద్దుకు అది సరిపోతుందని డాక్టరుగారు చెప్పారు. గరుకుగా ఉంటే పేగులకు మంచిది కాదు, జల్లెడ పట్టాలి.

ఇంతటితో అయిపోయిందనుకోవద్దు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారి డేవిస్ పశువైద్య కళాశాలలో పుస్తకాలలోనూ ఇంటర్నెట్టులోనూ దొరికే 200 వంట విధానాలు పరీక్షించి 2013లో ఫలితం ప్రకటించారు. 95 శాతంలో కనీసం ఒక పోషకమైనా లోపించింది. పశువైద్యులు వ్రాసినవాటిలోనూ లోపాలున్నవి. కాబట్టి నేను పైన వ్రాసిన పద్దుగూడా అట్లాంటిదే. జింకు, అయోడిను, డి, ఇ విటమినులు యిందులో చాలవు. డాక్టరుగారు ఒక పొడి వ్రాసి యిచ్చారు, రోజూ కలుపుతున్నాము. మీ కుక్క బరువు, వయసు, జబ్బు చూపించి మీ డాక్టరు చేత వ్రాయించుకోవలసిందేగాని నా పద్దును నకలు చేయవద్దు.

మా వీధిలో ఒక శాకాహార కుటుంబం ఉన్నది. వాళ్ళకూ ఒక చిన్న కుక్క ఉన్నది. ఆ యింటి అవ్వగారు గుడ్డును గడప దాటనివ్వరు. అందుకని కోడలు పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కుక్క గుడ్డు అక్కడ ఉడికించి, స్నానం చేసి లోపలికి వచ్చేది. యీ మధ్య అవ్వగారే "పుల్లలు తడిసినయ్యే, ఈ రోజు గుడ్డెట్లా ఉడుకుతుంది" అని విచారించడం నేను విన్నాను. మాంసం లేకుండా కుక్కను పెంచడం అసాధ్యం కాదు. పిల్లికది సాధ్యం కాదుగాని కుక్కకు సాధ్యమే. అయితే గుడ్డు, పెరుగు, పప్పు కొలతగా ఉండాలి, డాక్టరు కన్ను దాని మీద ఉండాలి.

మన ఎండల సంగతీ మరువరాదు. కత్తిరి రోజుల్లో పొద్దున కలిపిన అన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. వాడు తిని వదిలింది అరగంటలో తీసివేయాలి. మూడు రోజులకు సరిపడా వండి, పూటకొక డబ్బీగా ఫ్రిజ్జిలో పెట్టుకుంటే పనికి పోయే ఆడవాళ్ళకు సులువు. మెత్తటి తిండి చిన్న కుక్కల పళ్ళసందుల్లో నిలుస్తుంది గనుక వారానికి మూడు నాలుగుసార్లైనా పళ్ళు తోమాలి. మనం వాడే పేస్టు మాత్రం పనికిరాదు.

కార్డు వ్రాసిన పెద్దమ్మగారూ, మీదగ్గర ఉన్నది పిల్ల. దాని సంగతి వేరు. పెరిగే ఎముకకు సున్నం ఎక్కువైనా తక్కువైనా వంకర వస్తుంది. చిన్న జాతి పిల్లలు ఎక్కువసేపు ఆకలితో ఉంటే రక్తంలో చక్కెర తగ్గి తూలి పడిపోతవి. అందుచేత రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. సంవత్సరం నిండేదాకా అంగడి పొట్లంలో పిల్లలకని వ్రాసి ఉన్న తిండే మేలని నా అభిప్రాయం. పొట్లపు తిండిని నేను తక్కువచేయను. లండనులో స్ప్రాట్ అనే అమెరికా ఆయన 1860 ప్రాంతంలో కుక్క బిస్కెట్టు అమ్మడం మొదలుపెట్టినప్పటినుంచీ అది ఒక పెద్ద వ్యాపారమైంది, అందులో మంచీ ఉన్నది చెడూ ఉన్నది. పిల్ల పెద్దదైన తరువాత, మీకు ఓపిక ఉంటే, కుంపటి వెలిగించండి.

బుజ్జిగాడి చిగుళ్ళకు రంగు రావడానికి ఒక నెల పట్టింది. ఇప్పుడు సైకిలు గంటకు మళ్ళీ గడప దూకుతున్నాడు. అమ్మ మధ్యాహ్నం మునుపటిలాగే కంచం ముందు కూర్చుంటుంది, ప్రక్కన వాడి గిన్నె. అయితే ఒక్క మార్పు చేసింది. పులుసు పోసుకోకముందే తన కంచంలోని తెల్లన్నం ఒక చిన్న ముద్ద తీసి, వాడి గిన్నె అంచున పెట్టి, "తిను నాయనా" అంటుంది. వాడు గిన్నెలో మాంసం ఉన్నా ముందు ఆ ముద్దే తింటాడు. ఒకసారి అమ్మ చూడకుండా దాన్ని తూచాను. 15 గ్రాములు. రాత్రి వాడి అన్నం పెట్టేటప్పుడు ఆ 15 తగ్గించి పద్దు సరిచేస్తున్నాను.